అన్నిటికీ ‘లేదు’ అన్న అనసూర్య

మంగళవారం వచ్చిందంటే సర్కారు దవాఖానలో మానసిక వైద్యుడి గది ముందు కాలు పెట్టే సందుండదు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మొదటి బస్సుకే బయల్దేరిన జనం వరండా నిండా ఉంటారు. ఆ జనంలో అనసూర్య ఎప్పుడూ గోడ పక్కన చోటు చూసుకునేది. తమ్ముడు హరికృష్ణను గోడవైపు నిలబెట్టి, తాను బయటివైపు నిలబడి, అతని చొక్కా అంచు ఎడమచేత్తో పట్టుకునేది. ముప్పై అయిదేళ్ల మగమనిషి చొక్కా పట్టుకుని నలభై ఏడేళ్ల అక్క నిలబడడం చూసి కొత్తవాళ్లు కొందరు మూతి బిగించి నవ్వేవారు. ఆమెకు వాళ్లు కనిపించేవారే కాదు. డాక్టరు గది తలుపు, బయటికి పోయే మెట్లు, తమ్ముడి మొహం, వీటి మీదే ఆమె చూపు తిరుగుతూ ఉండేది.

ఆ ఎండాకాలం ఒక మంగళవారం వరండా చివర కొత్తగా ఒక బల్ల కనిపించింది. బల్ల వెనుక స్నేహలత అనే యువతి కాగితాల కట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. రోగుల ఇళ్ల సంగతులు కనుక్కుని, ఇంటివాళ్లకు దారి చూపే సోషల్ వర్కరు. ఆ నెల నుంచి రోగి వెంట వచ్చే మనిషిని కూడా కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడగాలని అక్కడి డాక్టర్లు అనుకున్నారు. రోజంతా రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషి మనసు ఎలా ఉందో ఎవరూ అడగడం లేదని, వాళ్లు కుప్పకూలాక తెలిసి లాభం లేదని వాళ్ల ఆలోచన.

“అక్కా, జర ఇట్ల కూసోండి. ఐదు నిమిషాల పని” అని స్నేహలత పిలిచింది.

అనసూర్య తమ్ముణ్ని ముందుకు జరిపింది. “చీటీ వీనిదమ్మా. హరికృష్ణ.”

“ఆయనను సార్ చూస్తడు. నేను అడిగేది మీ గురించి.”

“నా గురించి ఏముంటది బిడ్డా? పానం బాగలేంది వీనికి.”

అయినా కూర్చుంది. స్నేహలత కాగితం చూసి ఒక్కొక్కటే అడిగింది. తలనొప్పి తరచుగా వస్తుందా? లేదు. ఆకలి తగ్గిందా? లేదు. చేతులు వణుకుతున్నాయా? లేదు. ఆ మాట అంటూ అనసూర్య రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది. నిద్ర పట్టక ఇబ్బంది అవుతోందా? ఇక్కడ ఒక్క క్షణం ఆగింది. లేదు. ఊరికే భయం, బుగులు పుడుతోందా, ఏడుపొస్తోందా, చేసే పని మీద మనసు నిలవడం లేదా? లేదు, లేదు, లేదు. ఇరవై ప్రశ్నలు అయిపోయాయి. ఇరవైకి ఇరవై లేదు.

స్నేహలత కలం పక్కన పెట్టింది. “అక్కా, గివే ప్రశ్నలు నన్ను అడిగితె నాకే నాలుగైదు ‘అవును’లు వస్తయి. మీకు ఒక్కటి సుత లేదా?”

“మాది కష్టం జేసుకునే పానం. మాకు గసొంటియి రావు బిడ్డా.”

స్నేహలత బలవంతం చేయలేదు. వెనుక నిలబడ్డ హరికృష్ణ వైపు తిరిగి, “నువ్వు చెప్పు హరీ, మీ అక్క ఎట్లుంటాంది ఇంట్ల?” అంది. అతను అక్క మొహంలోకి చూశాడు. తల దించుకున్నాడు. “సరే తియ్. ఎప్పుడన్న చెప్పాలనిపిస్తె నువ్వన్న రా. నేను దినాం ఈడనే ఉంట” అని స్నేహలత నవ్వి, తరువాతి మనిషిని పిలిచింది.

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ అనసూర్య మనసు ఆ కాగితం మీదే ఉంది. అబద్ధాలాడడం ఆమెకు అలవాటు లేదు. ఆ కాగితాన్ని ఎవరెవరు చూస్తారు? ‘అవును’ అని ఉంటే ఏం చేసేవాళ్లు? ‘ఈమెకే బాగలేదు, ఈమె వాణ్నేం చూస్తది’ అని తమ్ముణ్ని పట్నంలోని పెద్ద మానసిక దవాఖానకు పంపిస్తారని ఆమె భయం. అలా పంపిస్తారని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఎప్పుడో వరండాలో ఎవరో ఎవరితోనో అంటుంటే సగం సగం విన్నది. ఆ సగమే ఆమె లోపల పెరిగి పెద్దదైంది.

అనసూర్య పుట్టింది కొత్తవాడలో, మగ్గాల చప్పుడు మధ్య. పందొమ్మిదేళ్లకు మట్టెవాడకు చెందిన సాంబమూర్తితో పెళ్లయింది. పిల్లలు కలగలేదు. తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ని చంకన వేసుకుని పెంచింది కాబట్టి ఆ లోటు తనకు తెలియదని అనేది. హరికృష్ణ బీఎస్సీ చదివి సుబేదారిలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో పనికి కుదిరాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ల్యాబులో సీసాలకు చీటీలు అంటించడం అలవాటై, ఇంట్లో తల్లి పోపుల డబ్బాలకు కూడా ‘ధనియాలు’, ‘మెంతులు’ అని రాసి అంటించేవాడు. ఇరవై నాలుగో ఏట ఒకరోజు ల్యాబు నుంచి మధ్యాహ్నమే వచ్చేసి, కుళాయి పైపులోంచి తన గురించి మాట్లాడుకుంటున్నారని చెప్పాడు. ఇక పనికి పోలేదు. రెండేళ్లు తాయెత్తులు, మొక్కులు, మంత్రాల చుట్టూ తిరిగాక దవాఖాన దారి దొరికింది. గోలీలు పడ్డాక ఆ మాటలు పూర్తిగా పోలేదు కానీ చిన్నబడ్డాయి.

తల్లి ఉన్నన్నాళ్లు తల్లి చూసింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆమె పోయింది. పదో రోజున చుట్టాలంతా కూర్చున్నారు. హరికృష్ణను ఎవరు ఉంచుకుంటారన్న మాట దగ్గర అందరూ నేల చూశారు. “నా ఎంబడి అస్తడు” అంది అనసూర్య. సాంబమూర్తి కూడా, “ఇంత బువ్వ పెడ్తం, ఏమైతది” అన్నాడు. అతను మంచివాడే. పొద్దున ఏడింటికి కొత్తవాడ షెడ్డుకు పోయి జంపఖానాలు నేసి, పొద్దుగూకాక ఇల్లు చేరతాడు. ఇంట్లో ఏం జరుగుతుందో అడిగే అలవాటు అతనికి లేదు, చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆమె ఇంట్లోనే రాట్నం ముందు కూర్చుని మగ్గాలకు కావలసిన నూలు కండెలు చుట్టేది. ఒక కన్ను దారం మీద, ఒక కన్ను తమ్ముడి మీద.

అలా రెండేళ్లకు పైగా బాగానే గడిచింది. ఆమె ధైర్యం పోయింది కిందటి చలికాలంలో.

ఉప్పు ప్యాకెట్ తెమ్మని పంపితే హరికృష్ణ తిరిగి రాలేదు. గల్లీలన్నీ వెతికారు, పోలీసు స్టేషన్‌లో చెప్పారు. రెండు రోజులు అనసూర్య గడప మీదే కూర్చుంది. మూడో రోజు కేసముద్రం నుంచి ఫోన్ వచ్చింది. రైలెక్కి అక్కడ దిగి, మార్కెట్ యార్డులో పత్తి బస్తాల మధ్య పడుకున్నాడట. అక్కడి హమాలీలు అన్నం పెట్టి, జేబులో ఉన్న దవాఖాన పుస్తకం చూసి ఫోన్ చేశారు. వెళ్లేసరికి జుట్టు నిండా పత్తితో, ఉప్పు ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మనిషి దొరికాడు. అనసూర్యకు నిద్ర దొరకలేదు. కళ్లు మూస్తే గొళ్లెం తీసిన చప్పుడు వినిపించేది. లేచి చూస్తే తలుపు వేసే ఉండేది. నెల రోజులు అలా గడిచాక, ఒక రోజు తమ్ముడికి గోలీలు తీస్తూ చేతిలోకి వచ్చిన చిన్న తెల్ల గోలీని చూసింది. అది అతని నిద్రకు ఇచ్చింది. సగం విరిచింది. సగం అతనికిచ్చి, సగం తాను మింగింది. ‘ఈ ఒక్క పూటకే’ అనుకుంది. ఆ పూట రాయిలా నిద్రపోయింది. మర్నాడు కూడా అలాగే అనుకుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ సగం లేకుండా ఆమెకు రోజు పూర్తయ్యేది కాదు. స్నేహలత నిద్ర గురించి అడిగినప్పుడు ఒక క్షణం ఆగింది అందుకే.

సగం గోలీతో హరికృష్ణకు నిద్ర చాలడం లేదు. తెల్లవారకముందే లేచి ఇంటి నడిమిలో అటూ ఇటూ తిరిగేవాడు. చిన్నబడ్డ మాటలు మళ్లీ పెద్దవయ్యాయి. వానలు మొదలయ్యాక ఒక మంగళవారం డాక్టరు అతన్ని తేరిపార చూసి, “గోలీలు సరిగ వేస్తున్నవా అమ్మా? మధ్యల ఏమన్న తప్పుతున్నయా?” అని అడిగాడు.

“ఒక్క పూట తప్పలేదు సారూ.”

“మరి ఇంత పరేషాన్ ఎందుకున్నడు? సరే, మోతాదు పెంచుదాం. రెండు వారాలు చూసి చెప్పు.”

కలం కాగితం మీద కదులుతుంటే అనసూర్య బల్ల దగ్గరికి జరిగింది. చెప్పేయాలనుకుంది. ‘సారూ, వాని గోలీ నేను తింటాన’ అన్న నాలుగు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. వెనుక మనుషులు తోసుకుంటున్నారు. డాక్టరు చీటీ చేతిలో పెట్టాడు. ఆమె బయటికి వచ్చేసింది. తాను ఆడిన అబద్ధం తమ్ముడి ఒంట్లోకి మందై పోతోందని ఆ రోజు ఆమెకు తెలిసింది. తెలిసీ, మోతాదు పెరిగిన ఆ గోలీల్లోంచే ఆమె తన వాటా కూడా పెంచుకుంది.

తరువాతి వారాలు అనసూర్య ఎవరి కళ్లలోకీ సూటిగా చూడలేదు. గోలీల డబ్బాను బియ్యం డబ్బా వెనుక దాచింది. పక్కింటి పూలమ్మ “ఏమైందే, మొహం గట్ల పీక్కపోయింది” అంటే “ఎండకు” అంది. బయట ముసురు పట్టి ఉంది. రాట్నం తిప్పుతుంటే దారం తెగితే తెగిన సంగతి పది చుట్లు తిరిగాక కానీ తెలిసేది కాదు. షెడ్డు సేటు కండెలు వదులుగా ఉన్నాయని తిప్పి పంపాడు. సాంబమూర్తి వాటిని తెచ్చి మూల పెట్టి, ఏమీ అనకుండా అన్నం తిన్నాడు. ఏమన్నా అని ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

శ్రావణమాసం చివర్లో ఒక రోజు పొద్దుటి నుంచే తల దిమ్మెక్కిపోయింది. ఎన్నడూ లేనిది ఆమె పగలు కూడా ఒక సగం మింగింది. పొయ్యి మీద పప్పు పెట్టి రాట్నం ముందు కూర్చుంది.

కళ్లు తెరిచేసరికి గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఇల్లంతా మాడిన వాసన. తాను నేల మీద పడుకుని ఉంది. తల కింద దిండు ఉంది, ఒంటి మీద దుప్పటి ఉంది. ఆ రెండూ తాను తెచ్చుకున్నవి కావు. వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి ఆర్పి ఉంది. అడుగు నల్లగా మాడిన గిన్నె కుళాయి కింద నీళ్లలో ఉంది.

“హరీ!”

ముందు గదిలో లేడు. వెనుక లేడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి వచ్చింది. పూలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. “ఇంతకుముందే పోయిండు గదనే. సక్కగ బూడిద రంగు సొక్క ఏసుకొని పోతాండు. ఏడికి రా అంటె పలుకలే.”

“ఎంతసేపాయె పెద్దమ్మా?”

“గంట అయితదేమో.”

గంటలో మనిషి ఎంత దూరమైనా పోతాడు. కేసముద్రం రైలు ఆమె కళ్ల ముందు కదిలింది. సాంబమూర్తికి ఫోన్ చేసి, “తమ్ముడు మళ్ల పోయిండు” అని మాత్రం అనగలిగింది. అతను ఏదో అడుగుతుండగానే పెట్టేసి స్టేషన్ వైపు పరుగు తీసింది. సన్నగా వాన పడుతోంది. ఎదురొచ్చిన ప్రతి మగమనిషి మొహంలోకీ చూసింది. ఒకాయన భుజం పట్టుకుని తిప్పి, అతను కాదని తెలిసి వదిలేసింది. స్టేషన్ చేరేసరికి కేసముద్రం మీదుగా ఖమ్మం పోయే బండి చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోతోంది. బెంచీల మీద వెతికింది, టీ కొట్టు దగ్గర అడిగింది. “బూడిద రంగు సొక్క... పొడుగ్గ ఉంటడు... తనలో తనే మాట్లాడుతడు” అని చెబుతుంటే టీ కొట్టాయన తల అడ్డంగా ఊపాడు.

మెట్ల మీద కూలబడింది. తాను నిద్రపోయింది. గోలీ మింగి నిద్రపోయింది. ఇప్పుడు పోలీసులు అడుగుతారు, ‘నువ్వేం చేస్తానవ్ అప్పుడు?’ అని. ఏం చెప్పాలి?

ఒళ్లో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. రైలు పట్టాల దగ్గర్నుంచి ఎవరైనా చేస్తున్నారేమో అనిపించింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఈసారి కళ్లు గట్టిగా మూసుకుని చెవికి పెట్టుకుంది.

“అనసూర్యక్కా, నేను స్నేహలతను, దవాఖాన నుంచి. హరికృష్ణ నా దగ్గరనే ఉన్నడు. మంచిగున్నడు. వింటున్నరా? మీకెట్లుంది?”

అనసూర్య మెట్ల మీంచి లేచి నిలబడింది.

“ఏడున్నరో చెప్పండి, మనిషిని పంపిస్త.”

“నేనే అస్తాన” అంది.

మట్టెవాడ నుంచి దవాఖాన దాకా అతను ఒక్కడే నడిచి వచ్చాడు. రెండు చోట్ల రోడ్డు దాటాడు. స్నేహలత బల్ల ముందు నిలబడి, “మా అక్క లేస్తలేదు. నా గోలీలు తింటాంది. నాకు సగం ఇచ్చి సగం తింటాంది, నేను చూసిన” అని చెప్పాడు. స్నేహలత పుస్తకంలో నంబరు వెతికి ఫోన్ చేసింది.

అనసూర్య వెళ్లేసరికి హరికృష్ణ బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కొట్టాలనిపించింది, గుండెకు హత్తుకోవాలనిపించింది. రెండూ చేయలేక ఎదురుగా నిలబడింది.

“చెప్పకుంట ఎందుకచ్చినవ్ రా?”

“చెప్పిన. నువ్వు లేవలే.”

“గోలీల సంగతి నీకెప్పటిసంది తెలుసు?”

“ఎండకాలం సంది.”

“మరి గప్పుడెందుకు చెప్పలే ఎవ్వలకు?”

అతను అక్క కళ్లలోకి చూశాడు. “నీకు నిద్ర లేక కండ్లు ఎర్రగ అయితుండె. గోలీ ఏసుకున్నంక తగ్గినయి. అందుకని చెప్పలే.”

అనసూర్య అక్కడే, అందరి ముందే ఏడ్చింది. తల్లి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. స్నేహలత ఆమెను పక్క గదిలోకి తీసుకుపోయింది. హరికృష్ణ కనిపించేలా కిటికీ పక్కన కుర్చీ వేసింది. ముందు ఆ రోజు ఎన్ని మింగిందో అడిగి, నర్సును పిలిచి నాడి, బీపీ చూపించింది. తరువాత అదే కాగితం తీసింది.

“ఈసారి ఎవరి గురించి సోంచాయించకుండ చెప్పుండ్రి అక్కా. మీ తమ్ముణ్ని మీ దగ్గర్నుంచి ఎవ్వలు తీస్కపోరు. అందుకు కాదు ఈ కాగితం.”

“నిజంగనే?”

“నిజంగనే.”

ఒక్కొక్క ‘అవును’ అంటుంటే అనసూర్యకు మెట్లు దిగుతున్నట్టు ఉంది, ఎక్కడ నేల తగులుతుందో తెలియకుండా. తలనొప్పి అవును. వణుకు అవును. బుగులు, అది ఏ ఘడియ లేదని అడగాలి. బతుకు మీద విసుగు పుట్టి ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు కిటికీలోంచి తమ్ముణ్ని చూసింది.

“సావాలని లేదు బిడ్డా. నేను పోతె వాడెట్ల? కని ఒక్కొక్కనాడు తెల్లారకపోతె బాగుండు అనిపిస్తది.”

స్నేహలత ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. దాని మీద మరికొన్ని ప్రశ్నలు మెల్లగా అడిగింది, జవాబులు రాసుకుంది. ఇరవైలో పదహారు ‘అవును’లు తేలాయి. ఆ కాగితం పట్టుకుని తానే వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది.

డాక్టరు గద్దిస్తాడని అనసూర్య తల వంచుకుని కూర్చుంది. అతను గద్దించలేదు. “ముందే చెప్తె నేను అతనికి మోతాదు పెంచకపోదును గద అమ్మా” అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. హరికృష్ణ మందు మళ్లీ సరిచేశాడు. ఆమె ఆ గోలీని ఒక్కసారిగా మానకూడదని, వారం వారం తగ్గించుకుంటూ రావాలని చెప్పాడు. అనసూర్య పేరు మీద వేరే చీటీ రాశాడు. తన పేరుతో ఉన్న ఆ గది చీటీని ఆమె నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంది.

సాంబమూర్తి అప్పటికి వచ్చి వరండాలో నిలబడి ఉన్నాడు. జుట్టు మీద నూలు పీచు, తడిసిన చొక్కా. స్టేషన్, బస్టాండు అన్నీ తిరిగి, అనసూర్య దారిలో చేసిన ఫోన్‌తో ఇటు వచ్చాడు. స్నేహలత చెప్పిందంతా విన్నాడు. ముగ్గురూ ఇంటిదారి పట్టారు. హరికృష్ణ నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు.

“నాకొక్క మాట చెప్పకపోతివి” అన్నాడు సాంబమూర్తి.

“చెప్తె, వీన్ని ఏడనన్న ఇడిచిపెట్టి రమ్మంటవేమో అని.”

అతను రోడ్డు మీద ఆగిపోయాడు. “ఇన్నేండ్ల సంది గదే అనుకుంటానవా?”

ఆమె ముందు నడుస్తున్న తమ్ముడి వైపు చూసింది.

“అబద్ధమెందుకు, రెండుమూడుసార్లు అనుకున్న” అన్నాడు సాంబమూర్తి, మళ్లీ నడుస్తూ. “కని అనలే గద.”

ఆ మాట విని అనసూర్యకు కోపం రాలేదు. మనసులో మాట అతను బయటపెట్టడం పెళ్లయ్యాక అదే మొదటిసారేమో.

ఆ తరువాత అన్నీ చక్కబడ్డాయని చెప్పలేం. గోలీ తగ్గించిన మొదటి మూడు వారాలు ఆమెకు నరకం. ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండేది. చిన్న చప్పుడుకే అదిరిపడేది. గోలీల డబ్బా సాంబమూర్తి చేతికి పోయింది. ఇద్దరికీ అతనే లెక్క చూసి ఇచ్చేవాడు. రోజూ పొద్దున హరికృష్ణను తనతో షెడ్డుకు తీసుకుపోతానన్నాడు. జంపఖానాల అంచున కుచ్చులు ముడివేసే పని అప్పజెప్పాడు. హరికృష్ణ ముడులు ఒక్కటి వంకర లేకుండా వేశాడు, కానీ పదిహేను రోజులకే మగ్గాల చప్పుడులో మాటలు వినిపిస్తున్నాయని రానన్నాడు. బలవంతం చేయలేదు. ఇప్పుడు వారంలో రెండు రోజులు పోతాడు, కొన్ని వారాలు అదీ లేదు. పోయిన రోజుల్లో ఇంట్లో అనసూర్య ఒక్కతే ఉంటుంది. మొదట్లో ఆ ఖాళీ ఇల్లు ఆమెను ఇంకా భయపెట్టింది.

నెలకొకసారి రెండో శనివారం దవాఖానలో, ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లను స్నేహలత కూర్చోబెట్టేది. అనసూర్య మొదటి రెండుసార్లు పోయి నోరు విప్పకుండా వచ్చింది. అక్కడ రామలింగం అనే ముసలాయన ఉండేవాడు. తాపీ పని చేసి మానేసిన మనిషి, ఇరవై ఏళ్లుగా భార్యను చూసుకుంటున్నాడు. “నేను ఒక దావత్‌కు పోయి పన్నెండేండ్లాయె. పోయినా ముద్ద దిగది. ఇంట్ల ఏమైతాందో అన్న రందే. ఇది నాకొక్కనికే ఉన్నదనుకున్న” అన్నాడాయన ఒక శనివారం. అనసూర్య గబుక్కున, “నాకు గొళ్లెం తీసినట్టు ఇనవడ్తది” అంది. అన్నాక సిగ్గుపడింది. గుండ్రంగా కూర్చున్నవాళ్లలో ముగ్గురు తలలూపారు. ఒకామె “నాకు నీళ్ల బిందె కిందవడ్డట్టు” అంది.

మూడు నెలల తరువాత స్నేహలత మళ్లీ ఆ ఇరవై ప్రశ్నలు అడిగింది. తొమ్మిది ‘అవును’లు వచ్చాయి.

“ఇది పాసా, ఫెయిలా బిడ్డా?”

“పరీక్ష కాదక్కా ఇది. తొమ్మిదంటె ఇంక మీరు వస్తనే ఉండాలె అని.”

మాఘమాసంలో తొర్రూరు నుంచి పద్మ ఫోన్ చేసింది. చిన్ననాడు కొత్తవాడలో పక్కింట్లో పెరిగిన స్నేహితురాలు, కొడుకు పెళ్లి. అనసూర్య రానని చెప్పబోయింది. సాంబమూర్తి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, “అస్తది చెల్లె” అని పెట్టేశాడు. తమ్ముణ్ని వదిలి మూడున్నరేళ్లలో ఆమె ఒక్క పూట కూడా ఎక్కడికీ పోలేదు.

పోయింది. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటకముందే ఫోన్ చేసింది. “ఉన్నడు, కూసున్నడు” అన్నాడు సాంబమూర్తి. వర్ధన్నపేటలో మళ్లీ చేసింది. తొర్రూరులో దిగి చేసింది. తలంబ్రాల వేళ పద్మ ఆమెను పక్కన నిలబెట్టుకుంటే కొంగు చాటున మరోసారి చేసింది. వీధి తలుపు వేశావా అని అడిగింది. వేశానన్నాడు. భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట పెట్టలేక, ఎడమచేత్తో అయిదోసారి ఫోన్ నొక్కింది.

ఈసారి ఎత్తింది హరికృష్ణ.

“అక్కా, బావ అన్నం తింటాండు. జర తిననియ్యి” అన్నాడు. తనే మళ్లీ, “నువ్వు తిన్నవా?” అని అడిగాడు.

“తింటాన రా” అంది అనసూర్య. ఫోన్ విస్తరి పక్కన పెట్టుకుని, తెర మీద కన్ను ఉంచి, తినడం మొదలుపెట్టింది.